మూడు గడియారాలు: సోమర్టన్ ఒడ్డున దొరికిన మనిషి ఆఖరి రోజు



మేష్టారి పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. మీ చేతుల్లోని ఆహ్వానపత్రిక మీదా ఉంది. నేను మాత్రం ఈ గంటసేపూ 'మేష్టారు' అనే అంటాను. ముప్ఫయ్యేళ్ళు అలాగే పిలిచాను. ఇవాళ కొత్తగా ఇంటిపేరుతో, డిగ్రీలతో సహా పలికితే ముందు వరుసలో ఉన్న అమ్మగారికి, అంటే మేష్టారి భార్యకు, నవ్వొస్తుంది.

ఆయన ఫోరెన్సిక్ మెడిసిన్ చెప్పారు. వైద్యకళాశాలలో ఆ సబ్జెక్టుకు దక్కే మర్యాద ఏపాటిదో ఇక్కడున్న సగంమందికి అనుభవమే. పరీక్షకు నెల ముందు మోదీ రాసిన ఫోరెన్సిక్ పాఠ్యపుస్తకం దుమ్ము దులిపి, గాయాల కొలతలు బట్టీపట్టి గట్టెక్కేయడమే. మేష్టారికి ఒక అలవాటుండేది. పేరున్న శవం వస్తే అసిస్టెంటును పంపేవారు. 'గుర్తు తెలియని పురుషుడు' అని చీటీ కట్టి ఉంటే తానే వచ్చేవారు, అదీ పావుగంట ముందే. ఎందుకని మేమెవరం అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడు అంశం నన్నే ఎంచుకోమన్నారు. పేరులేని ఒక మనిషి ఆఖరి గంటల గురించి మాట్లాడతానన్నాను. ఆయన మన దేశం వాడు కాదు, మన కాలం వాడూ కాదు.

1

ముందు మనూరి కథ ఒకటి. పీజీలో చేరిన కొత్తలో, రైలు పట్టాల పక్కన దొరికిన ఒక మనిషిని మార్చురీకి తెచ్చారు. యాభై దాటి ఉంటాయి. చొక్కా జేబులో ఆర్టీసీ టికెట్టు తప్ప ఇంకేమీ లేదు. ఇన్‌క్వెస్టు కాగితాలు పట్టుకొచ్చిన హెడ్ కానిస్టేబులుగారూ నేనూ కలిసి పది నిమిషాల్లో కథ అల్లేశాం. ఫలానా స్టేజీలో ఎక్కాడు, ఇక్కడ దిగాడు, కాసేపు అటూ ఇటూ తిరిగాడు, చీకటిపడ్డాక పట్టాల వైపు నడిచాడు.

మేష్టారు ఆ టికెట్టును పట్టకారుతో ఎత్తి కిటికీ వెలుతురుకు పెట్టారు. నిలువునా సన్నగా మడిచి ఉంది. కొసకు పచ్చటి జిడ్డు. చెవిలో గుబిలి తీసుకోవడానికి దాచుకున్న టికెట్టది! వారం కిందటిదో, మూడు నెలల కిందటిదో. అప్పటి టికెట్ల మీద కండక్టరు పంచి కొట్టిన చిల్లే తప్ప తేదీ ఉండేది కాదు.

"టికెట్టు చదివారు. మడత చదవలేదు" అన్నారు మేష్టారు. హెడ్ కానిస్టేబులుగారు నా వైపు చూశారు. నేను నేల చూశాను.

ఇన్‌క్వెస్టు ఫారంలో ఒక గడి ఉంటుంది: మృతుణ్ణి ఆఖరుసారి ప్రాణంతో చూసినవారు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ? అందులో హెడ్ కానిస్టేబులుగారు 'ఎవరూ చూడలేదు' అని రాశారు. మేష్టారు ఆయనను కూర్చోబెట్టి, టీ తెప్పించి, దాన్ని 'చూసినవారు ఎవరో తెలియలేదు' అని మార్పించారు. ఆ రెండు వాక్యాల మధ్య ఎంత దూరముందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ దూరం గురించే.

2

ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరానికి నైరుతి దిక్కున, ఓ పదకొండు కిలోమీటర్ల దూరంలో, గ్లెనెల్గ్ అనే సముద్రతీరపు పేట ఉంది. దాన్ని ఆనుకునే సోమర్టన్. 1948 డిసెంబరు 1, బుధవారం ఉదయం ఆరున్నర. అక్కడ డిసెంబరంటే వేసవి మొదలు. సముద్రపు గోడకు తల ఆనించి, కాళ్ళు చాపి, పాదాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని ఒక మనిషి వెల్లకిలా చనిపోయి ఉన్నాడు. సగం కాలిన సిగరెట్టు కోటు కాలరు మీద పడి ఉంది. నలభై, నలభై అయిదేళ్ళ వాడు, దిట్టమైన మనిషి. శుభ్రంగా గీసిన గడ్డం, పాలిష్ చేసిన బూట్లు, టై, స్వెట్టరు, పైన కోటు. ఆ రోజుల్లో మగవాళ్ళు టోపీ లేకుండా బయటికి రావడం అరుదు, ఇతనికి టోపీ లేదు. పర్సూ లేదు. బట్టల మీది లేబుళ్ళు ఎవరో తీసేశారు.

జేబుల్లో దొరికినవి: హెన్లీ బీచికి రెండో తరగతి రైలు టికెట్టు, వాడనిది. ఊళ్ళోంచి ఒక బస్సు టికెట్టు. అల్యూమినియం దువ్వెన. సగం మిగిలిన జ్యూసీ ఫ్రూట్ ప్యాకెట్టు. అగ్గిపెట్టె. 'ఆర్మీ క్లబ్' సిగరెట్ ప్యాకెట్టు, దానిలో మాత్రం అంతకంటే ఖరీదైన 'కెన్సిటాస్' సిగరెట్లు ఏడు. గోల్డ్‌ఫ్లేక్ పెట్టెలో చార్మినార్లు పెట్టుకుని తిరిగిన కాలేజీ మిత్రులు ఈ హాల్లో ఉన్నారు. ఇతను తిరగేసి చేశాడు.

ఆరు వారాల తర్వాత, 1949 జనవరి 14న, అడిలైడ్ రైల్వేస్టేషను క్లోక్‌రూంలో ఎవరూ తీసుకుపోని గోధుమరంగు సూట్‌కేసు బయటపడింది. నవంబరు 30 ఉదయం పదకొండు దాటాక అక్కడ పెట్టినది. అది ఇతనిదేనని ఎలా చెప్పారంటే, దారంతో. ఆస్ట్రేలియాలో దొరకని ఒక రకం నారింజరంగు మైనపు దారం సూట్‌కేసులో ఉంది. చనిపోయిన మనిషి ప్యాంటు జేబు లోపలి గుడ్డకు వేసిన మాటూ అదే దారంతో వేసింది. ఈ కేసు మొత్తంలో నాకు మహా ఇష్టమైన సాక్ష్యం అదే. ఎవరి కళ్ళతోనూ, ఎవరి జ్ఞాపకంతోనూ దానికి పని లేదు.

ఇక పోలీసుల లెక్క ఇలా నడిచింది. రాత్రి రైల్లో వచ్చి ఉంటాడు. స్టేషను పక్కనున్న సిటీ బాత్స్‌లో స్నానం చేసి, గడ్డం గీసుకుని ఉంటాడు. 10.50కి హెన్లీ బీచి రైలుకు టికెట్టు కొని, స్నానంలో ఆలస్యమై రైలు తప్పిపోయి ఉంటాడు. సూట్‌కేసు క్లోక్‌రూంలో పడేసి, 11.15 బస్సెక్కి గ్లెనెల్గ్ వెళ్ళి ఉంటాడు.

తెలుగులో ఈ 'ఉంటాడు' ఎంత సుఖమైన మాటో చూడండి. మొదటిసారి చెప్పినప్పుడు ఉంటుంది. రెండోసారికి సగం నోట్లోనే అరుగుతుంది. మూడోవాడి చెవిన పడేసరికి అది పూర్తిగా రాలిపోయి 'వచ్చాడు, చేశాడు, ఎక్కాడు' మాత్రం మిగులుతుంది. నిజానికి స్నానాల టికెట్టు అతని దగ్గర దొరకలేదు. బస్సు టికెట్టయినా వాడాడని గట్టిగా చెప్పే వీల్లేదు. మన చేతిలో కచ్చితంగా ఉన్నది వాడని ఒక రైలు టికెట్టూ, పదకొండు తర్వాత క్లోక్‌రూంలో చేరిన పెట్టె. దీన్ని మొదటి గడియారం అనుకుందాం, కాగితాల గడియారం. పదకొండు దాటి కొద్దిసేపటికి ఆగిపోయింది.

3

రెండో గడియారం మనుషుల కళ్ళు. అది సాయంత్రం ఏడింటికి గానీ మొదలు కాదు.

నవంబరు 30 సాయంత్రం ఏడు గంటల వేళ ఒక నగల వ్యాపారి భార్యతో కలిసి షికారుకు వచ్చాడు. గోడ దగ్గర పడుకున్న మనిషి కుడిచెయ్యి పూర్తిగా పైకి చాపి, సత్తువ లేనట్టు వదిలేయడం ఇద్దరూ చూశారు. తాగి ఉన్నాడు, సిగరెట్టు కాల్చబోతున్నాడు అనుకుని వెళ్ళిపోయారు. ఏడున్నర నుంచి ఎనిమిది దాకా ఇంకో జంట అక్కడ ఉంది. ఆలోపు వీధిదీపాలు వెలిగాయి. దోమలు ముసురుతున్నా ఆ మనిషి విసురుకోడేమిటని వాళ్ళు చెప్పుకున్నారు. తాగి పడుకున్నాడనుకున్నారు వాళ్ళు కూడా.

ఆ జంట ఇచ్చిన సాక్ష్యంలో ఒక ముక్క ఉంది, నేను పాఠం చెప్పినన్నాళ్ళూ పిల్లలకు దాన్ని వినిపించాను. ఆ అరగంటలో అతను కదలగా వాళ్ళు చూడలేదు. కానీ అతను పడుకున్న తీరు మారినట్టు అనిపించింది. కదలలేదు, కానీ మారాడు! బోనులో ఇలాంటి మాట వింటే క్రాస్ పరీక్ష చేసే వకీలు పండగ చేసుకుంటాడు. నాకు మాత్రం ఆ ఒక్క మాట వల్లే వాళ్ళ మీద నమ్మకం కుదిరింది. అబద్ధం చెప్పేవాడు ఇన్ని అతుకులూ గతుకులతో చెప్పడు. చూసింది చూసినట్టు, అనిపించింది అనిపించినట్టు విడివిడిగా పెట్టారు.

అసలు చిక్కు వేరే ఉంది. సాయంత్రం చూసినవాళ్ళెవరూ అతని ముఖం చూడలేదు. సాయంత్రం పడుకున్నవాడూ, తెల్లవారి చనిపోయి ఉన్నవాడూ ఒకడేనని ఎవరూ ప్రమాణం చేయలేరు. అదే చోటు, అదే పడక, అంతే. విచారణ జరిపిన కరోనరు థామస్ ఎర్‌స్కిన్ క్లీలాండ్ ఈ సందేహాన్ని దాచుకోలేదు. వేరేచోట చనిపోయినవాణ్ణి తెచ్చి అక్కడ పడుకోబెట్టి ఉండవచ్చన్న అనుమానాన్నీ బయటపెట్టాడు.

ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. 1959లో, అంటే పదకొండేళ్ళ తర్వాత, ఒకాయన ముందుకొచ్చాడు. ఆ రాత్రి బీచిలో ఒక మనిషి ఇంకో మనిషిని భుజాన వేసుకుని పోతుంటే తానూ మిత్రులూ చూశామన్నాడు. ఆయన అబద్ధమాడాడని నేననను. పదకొండేళ్ళ పాటు పత్రికలు రాసిన కథల మధ్య నిలవ ఉన్న జ్ఞాపకం ఆవకాయలాంటిది. ముక్క ఎక్కడో ఉంటుంది, పైకి కనిపించేదంతా ఊట.

4

మూడో గడియారం శరీరం. మా వాళ్ళకు దీని మీద నమ్మకం ఎక్కువ, కనక నేను దీని దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను.

ఉదయం రాయల్ అడిలైడ్ ఆసుపత్రిలో శవాన్ని చూసిన డాక్టరు బెనెట్, చావు రాత్రి రెండు గంటలకు ముందు జరిగి ఉండదన్నాడు. శవం కొయ్యబారిన తీరును బట్టి వేసిన లెక్క అది. పోస్టుమార్టంలో కడుపులో 'పేస్టీ' కనిపించింది. మాంసమూ బంగాళాదుంపా కూరి, పెద్ద కజ్జికాయలా మూసి కాల్చే వంటకం. చావుకు మూడు నాలుగు గంటల ముందు తిన్నదని తేల్చారు.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేసుకోండి. రెండింటికి చనిపోతే పేస్టీ తిన్నది రాత్రి పది, పదకొండు మధ్య. ఏడింటికి చెయ్యి ఎత్తి నిలపలేనివాడు, ఏడున్నరకు దోమను తోలుకోలేనివాడు, పదింటికి లేచి పేస్టీ కొనుక్కు తిని, మళ్ళీ అదే గోడకు అదే భంగిమలో చేరగిలబడి రెండింటికి పోయాడా?

నాలుగు దారులున్నాయి. ఒకటి, నిజంగా లేచి తిన్నాడు. రెండు, సాయంత్రం చూసింది ఇతణ్ణి కాదు. మూడు, చావు ఇంకా ముందే జరిగింది, కొయ్యబారిన లెక్క తప్పింది. నాలుగు, పేస్టీ లెక్క తప్పింది.

కడుపును గడియారంగా వాడొద్దని మేష్టారు మాకు మొదటి నెలలోనే చెప్పారు. మన అన్నం కడుపు ఖాళీ చేయడానికి ఇన్ని గంటలు పడుతుందని పుస్తకంలో ఉంటుంది. భయం వేసినా, జబ్బు చేసినా, ఒళ్ళు షాకులోకి పోయినా కడుపు చేతులు కట్టుకు కూర్చుంటుంది. తిన్నది తిన్నట్టే ఉంటుంది. పరీక్ష రోజున పొద్దున తిన్న ఇడ్లీ సాయంత్రం దాకా గుండెలకడ్డంగా ఉండటం మీరంతా ఎరుగుదురు. ఇక కొయ్యబారడానికి వస్తే పన్నెండు గంటల లెక్క మీకు గుర్తే: పన్నెండింట బిగుస్తుంది, పన్నెండు గంటలు నిలుస్తుంది, మరో పన్నెండింట వదులుతుంది. గోడ మీద పటం కట్టుకోవడానికి బాగుంటుంది. శవానికి ఆ పటం కనపడదు. వేడి, గాలి, కండబలం, చనిపోయే ముందు పడిన పెనుగులాట, అన్నీ ఆ లెక్కను మారుస్తాయి.

నా మొగ్గు చెబుతాను, తీర్పు కాదు. సాయంత్రం చూసింది ఇతణ్ణే. అప్పటికే ఏదో ఒంట్లో పట్టుకుంది, కడుపు అప్పుడే ఆగింది. పేస్టీ తిన్నది మధ్యాహ్నమో, సాయంత్రమో. ఎక్కువ గంటలు పోరాడి పోయాడు.

ఆ పట్టుకున్నది ఏమిటి? ప్లీహం మామూలు కంటే మూడింతలు ఉబ్బి ఉంది. కడుపు గోడల్లో నెత్తురు చేరింది. విషమేనని డాక్టర్లు అనుమానపడ్డారు, పరీక్షల్లో ఏ విషమూ దొరకలేదు. విచారణలో ప్రొఫెసరు స్టాంటన్ హిక్స్ రెండు మందుల పేర్లు నోటితో చెప్పకుండా చీటీ మీద రాసి కరోనరుకు అందించాడు. తేలిగ్గా దొరికేవి కనక జనం చెవిన పడకూడదని ఆయన భయం. అవి గుండె మీద పనిచేసే మందులు, మన గన్నేరులో ఉండే విషం కోవలోవే. మన ప్రాంతంలో క్యాజువాలిటీలో పనిచేసిన వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, ఆ కోవ విషానికి ముందు కనిపించే గుర్తు వాంతి. సోమర్టన్‌లో వాంతి జాడ లేదు. శవాన్ని మోసుకొచ్చి పెట్టారేమో అన్న కరోనరు అనుమానానికి సగం బలం అక్కడిదే. నా మొగ్గుకు పడ్డ బెజ్జమూ అదే. దాన్ని మీ ముందు దాచను.

5

ఇక్కడి నుంచి వేగంగా వెళతాను, ఎందుకంటే లోకం ఇక్కడే తీరిగ్గా కూర్చుంది.

ప్యాంటులో లోపలికి కుట్టిన చిన్న జేబులో, చుట్టిన కాగితపు ముక్క ఒకటి 1949లో బయటపడింది. దాని మీద అచ్చులో రెండు మాటలు: 'తమాం షుద్'. అడిలైడ్‌లో దాని అర్థం చెప్పడానికి లైబ్రరీవాళ్ళు కావలసొచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళకు సగం అర్థం ఇంట్లోనే ఉంది, తమామ్ అంటే అంతా. అంతా అయిపోయింది, సమాప్తం. ఉమర్ ఖయ్యాం రుబాయీలకు ఫిట్‌జెరాల్డ్ చేసిన ఇంగ్లీషు పుస్తకంలో చివరి మాటలవి. మన ఆదిభట్ల నారాయణదాసుగారు అటు ఇంగ్లీషునూ ఇటు పారసీ మూలాన్నీ ఎదురుగా పెట్టుకుని సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ దించిన ఖయ్యామే, దువ్వూరి రామిరెడ్డిగారు 'పానశాల' కట్టిన ఖయ్యామే. పత్రికలవాళ్ళు 'తమాం'ను 'తమాన్' అని అచ్చేశారు. ఆ అచ్చుతప్పుతోనే కేసు లోకమంతా తిరిగింది.

ఆ ముక్క చిరిగిన పుస్తకాన్ని, గ్లెనెల్గ్‌లో నిలిపి ఉంచిన కారులో దొరికిందని ఒకాయన తెచ్చిచ్చాడు. దాని వెనక అట్ట లోపలివైపు అర్థంకాని అక్షరాల వరుసలు, ఒక ఫోను నంబరు ఉన్నాయి. ఆ నంబరు శవం దొరికిన చోటికి నాలుగైదు వందల మీటర్ల దూరంలో ఉండే ఒక నర్సుది. ఆమె ఆ మనిషి నాకు తెలియదంది. శవం నుంచి పోతపోసిన సున్నపు ముఖాన్ని చూపించినప్పుడు మాత్రం ఆమె తల్లడిల్లిపోయిందని డిటెక్టివులు చెప్పారు. అంతే చాలు కదా! గూఢచారి, రహస్య లిపి, ప్రచ్ఛన్నయుద్ధం, విషపు సిగరెట్టు, విఫలప్రేమ, అన్నీ వచ్చి చేరాయి.

నా ఫిర్యాదు ఒకటే. డెబ్బయ్యేళ్ళ పాటు వేలమంది ఆ అక్షరాలు విప్పడానికి తలలు బద్దలుకొట్టుకున్నారు. పదకొండుకూ ఏడుకూ మధ్య ఎనిమిది గంటలున్నాయి, పట్టపగలు, వేసవి ఎండలో. వాటి మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్ళు బహుకొద్దిమంది. ఖాళీని చూస్తూ కూర్చోవడం కష్టం. పొడుపుకథ చేతికిస్తే పొద్దు గడుస్తుంది.

6

1949 జూన్‌లో అతణ్ణి వెస్ట్ టెర్రస్ శ్మశానంలో పూడ్చారు. దిక్కులేని శవంగా పోకుండా గుర్రప్పందాల బుకీల సంఘం ఖర్చు పెట్టుకుంది. సోమర్టన్ బీచిలో దొరికిన తెలియని మనిషి ఇక్కడున్నాడని రాయి వేశారు. 2021 మే 19న మళ్ళీ తవ్వారు. కానీ పేరు వచ్చింది ఆ తవ్వకం నుంచి కాదు. సున్నపు ముఖానికి అంటుకుని మిగిలిన వెంట్రుకల నుంచి అడిలైడ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు డెరెక్ ఆబట్, అమెరికాలో వంశవృక్షాల పని చేసే కొలీన్ ఫిట్జ్‌పాట్రిక్ కలిసి డీఎన్‌ఏ తీసి, దూరపు చుట్టాలను పట్టుకుని వంశవృక్షం ఎక్కుతూ దిగుతూ వెళ్ళారు. 2022 జూలైలో పేరు ప్రకటించారు: కార్ల్ వెబ్, 1905లో మెల్‌బోర్న్ శివారు ఫుట్‌స్క్రేలో పుట్టినవాడు, కరెంటు పరికరాలు తయారుచేసే ఇంజనీరు. ఆ ప్రకటన నాటికి పోలీసులు దాన్ని ధ్రువీకరించలేదు. నాకు ఆ పని గట్టిగానే కనిపిస్తుంది.

ఇక్కడో విశేషం. సూట్‌కేసులోని టై మీద 'టి. కీన్' అని, బట్టల సంచీ మీద 'కీన్' అని రాసి ఉంది. 1949లో పోలీసులు కీన్ అనేవాడి కోసం ఊళ్ళన్నీ గాలించి, అలాంటివాడెవడూ తప్పిపోలేదని ఊరుకున్నారు. వెబ్ ఆరుగురు సంతానంలో ఆఖరివాడు. అతని అక్కల్లో ఒకామె భర్త ఇంటిపేరు కీన్! బావగారి టై అన్నమాట. మన పోలీసులు చాకలి గుర్తులు పట్టుకుని ఎన్నో శవాలకు పేర్లు తెచ్చారు. ఆ గుర్తు గుడ్డది, మనిషిది కాదని మనకు తెలుసు, ఎందుకంటే అన్న చొక్కా తమ్ముడికి దిగని ఇల్లు మనకు లేదు. సూట్‌కేసులో సానబెట్టిన కత్తెర, పదును పెట్టిన బల్లకత్తి, స్క్రూడ్రైవరు, జింకు రేకు ముక్క ఉన్నాయి. గూఢచారి సామానని ఎందరో రాశారు. పరికరాలు చేసుకుని బతికేవాడి చేతిసంచీలో ఉండేవి అవే కదా.

పేరు రాగానే సూట్‌కేసు అర్థమైంది. గంటలు మాత్రం అర్థం కాలేదు. విడిపోయిన భార్యను వెతుక్కుంటూ వచ్చి ఉంటాడని ఇప్పుడొక మాట నడుస్తోంది. మళ్ళీ 'ఉంటాడు'. ఇంకో పదేళ్ళకు ఆ మాటా అరిగి 'వచ్చాడు' అవుతుంది.

ఈ ఉపన్యాసం రాసుకుంటూ మొన్న మన ఇన్‌క్వెస్టు ఫారం ఒకటి తెప్పించుకున్నాను. చట్టం నంబర్లు మారాయి, ఆ పాత గడి అలాగే ఉంది. కార్ల్ వెబ్ పేరు మీద దాన్ని నింపుదామని కూర్చున్నాను. ఆఖరుసారి ప్రాణంతో చూసినవారు: సాయంత్రం ఏడింటికి నగల వ్యాపారి, భార్య. ముఖం చూశారా? లేదు. ఏడున్నరకు మరో జంట. ముఖం? లేదు. కొట్టేశాను.

ముఖం చూసినవాళ్ళు ఎవరూ లేరా అని ఆలోచిస్తే పేస్టీ గుర్తొచ్చింది. పేస్టీ ఆకాశం నుంచి పడదు. ఎవరో దాన్ని కాగితంలో చుట్టి అతని చేతికిచ్చి, డబ్బులు తీసుకుని, చిల్లర లెక్కపెట్టి ఉంటారు. చిల్లర ఇచ్చేటప్పుడు ఎదుటివాడి ముఖం చూసి ఉంటారు.

నేనూ 'ఉంటారు' అనేశాను, విన్నారుగా. ఆ గడిలో పెన్సిలుతో 'చూసినవారు ఎవరో తెలియలేదు' అని రాసి, ఫారం మడిచి మేష్టారి పాత మోదీ పుస్తకంలో పెట్టాను. ఆ పుస్తకం అమ్మగారు నాకిచ్చింది.